పద్దెనిమిది బీట్ల ఊపిరి

బ్లేడు అంచు కాగితం కిందికి దిగడం లేదు. జిగురు తనే ఎంచి కొన్నది, ఆఫీసులో నక్షాల మీద సవరణ పట్టీలు అంటించడానికి ముప్ఫై ఏళ్లు వాడినది, ఒకసారి పట్టిందంటే ఇక వదలదని తనే పదిమందికీ చెప్పినది. ఇప్పుడది ఆ మాటను తు.చ. తప్పకుండా నిలబెడుతూంటే ఎవరి మీద విసుక్కోవాలి? ఆవిడ కళ్లజోడు తీసి, చీర కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది. గోడ గడియారంలో నాలుగు దాటి మూడు నిమిషాలు. అయిదింటికి రిహార్సలు, ఆరున్నరకు సంస్మరణ సభ. గోడకు అవతల హాల్లో కుర్చీలు సర్దుతున్నారు. ఇనుప కాళ్లు నేలను గీరుతున్న ఆ చప్పుడు ఏ స్వరానికి దగ్గరగా ఉందో అన్నయ్య ఉంటే చెప్పేవాడు, చెప్పి ఊరుకోకుండా ఆ స్వరం మీద ఏదో ఒకటి ఈలవేసేవాడు కూడా. ఈ గంటలోపల తను చేయవలసింది ఒక్కటే. అన్నయ్య బాణీల్లో నూట పద్నాలుగో నంబరుకు, రెండో ఆల్టో సాక్సఫోన్ కోసం రాసిన పార్టు మీద తన చేత్తో అంటించిన నాలుగు పట్టీలను ఎవరి కంటా పడకుండా ఊడబెరకాలి. అవి పోతే, అవి ఉండేవన్న సంగతి తనకూ ఇంకొక మనిషికీ తప్ప ఎవరికీ తెలియదు, ఆ ఇంకొక మనిషి నోరు తెరిచే రకం కాదు. అవి ఉంటే, ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు ఇదేమిటని అడుగుతారు, అడిగితే చెప్పాలి, చెబితే వదిన వింటుంది.

అన్నయ్య పోయి ఇవాళ్టికి ఏడు వారాలు. పత్రికలో రెండు పేరాలు వేశారు, జాజ్ సంగీతానికి తీరని లోటు అన్నారు, ఫోటో మాత్రం ఎవరో ట్రాంబోన్ వాయించేవాడిది వేశారు. బతికి ఉంటే ఆ ఫోటో చూసి అందరికంటే ముందు అన్నయ్యే నవ్వి, ఆ ముక్క కత్తిరించి దాచమని చెల్లెలికి పురమాయించేవాడు. నలభై ఒక్కేళ్లుగా పురమాయింపులన్నీ తనకే. పదహారుమంది బ్యాండుకు అన్నయ్య స్కోరు రాస్తాడు; పెద్ద కాగితం మీద ఒకరి కింద ఒకరుగా పదహారు వరుసలు, పెన్సిలుతో, చీమలబారులా. ఆ స్కోరు అతని ఒక్కడికే కనబడే ఊరు. అందులోంచి ఒక్కొక్కరి ఇంటికి దారి విడివిడిగా గీసి, ఎవరి కాగితం వాళ్ల చేతిలో పెట్టడం తన పని. పగలు భూమి కొలతల ఆఫీసులో నక్షాలు గీయడం, సాయంత్రం పార్టులు రాయడం. రెండూ ఒకటే పనని ఆవిడ ఎప్పుడో గ్రహించింది. గీసేవాడు తన సొంతం చుక్క కూడా కలపకూడదు. నదిని నది ఉన్నచోటే పెట్టాలి. నలభై ఒక్కేళ్లలో, సుమారు మూడు వేల పార్టుల్లో, తను సొంతంగా ఒక్క స్వరం కలపలేదు. ఈ నాలుగు పట్టీలు తప్ప.

ఆవిడ బ్లేడు పక్కన పెట్టి, వేలితో పట్టీని తడిమింది. ఎత్తుగా తగులుతోంది, మానిన గాయం మీద చర్మంలాగ. పార్టు పైమూల అన్నయ్య పెట్టిన పేరు తన అక్షరాల్లోనే ఉంది: దిండు. ఆల్టో ఒకటి, ఆల్టో రెండు అని రాయడం అన్నయ్యకు చేతకాదు. వాయిద్యం ఊదదే, మనిషి ఊదుతాడు, అనేవాడు. లావుపాటి ట్రాంబోన్ బస్తా, ఎప్పుడూ పెళ్లాం మీద చాడీలు చెప్పే ట్రంపెట్ అర్జీ, మెత్తగా, పక్కవాడి స్వరం కింద సర్దినట్టు వాయించే రెండో ఆల్టో దిండు. స్కోరు అంచున వరుసకు ఒక పేరు. తన సాక్సఫోన్ వరుసకు మాత్రం నేను అని రాసుకునేవాడు. బ్యాండువాళ్లు ఆవిడకు పెట్టిన పేరు సిరాబుడ్డి, అది ఏ స్కోరులోనూ ఉండదు. ఎందుకుంటుంది, సిరాబుడ్డి ఊదదు కదా. ఆ విషయం ఆవిడను ఎప్పుడూ బాధించలేదు, బాధించలేదనే ఆవిడ నమ్మకం.

నూట పద్నాలుగు చాలా నెమ్మదైనది. దానికి పేరు పెట్టమని ఎంతమంది అడిగినా అన్నయ్య నంబరుతోనే సరిపెట్టాడు. అందులో నాలుగు వరసలు అన్నయ్య ఒక్కడివే, తక్కినవాళ్లంతా కింద పరుపు పరిచినట్టు సన్నగా పట్టి ఉంచుతారు. వరసకు ఆరు బార్లు, బారుకు నాలుగు బీట్లు, వెరసి ఇరవై నాలుగు, అదంతా ఒకే ఊపిరి. బీటుకు ఒక సెకను చొప్పున ఇరవై నాలుగు సెకన్లు. ముందు వరుసలో కూర్చున్నవాళ్లు తమకు తెలియకుండానే ఊపిరి బిగబట్టి, వరస ముగిసేసరికి అందరూ ఒక్కసారి వదిలేవారు. ఆ నిట్టూర్పు ఆవిడ వేదిక పక్క తెర చాటునుంచి ఎన్నోసార్లు విన్నది. తరవాత ఊపిరితిత్తులకు జబ్బు వచ్చింది. డాక్టరు పొగ మానమన్నాడు, మెట్లు మానమన్నాడు, సాక్సఫోన్ మాత్రం మానమనలేదు, ఊదుతూ ఉన్నంతకాలం ఊపిరితిత్తులు పని మరచిపోవు అన్నాడు. ఆ వాక్యం ఆవిడకు అక్షరాలా గుర్తుంది, ఎందుకంటే తక్కిన లెక్క అంతా ఆ వాక్యం మీదనే ఆధారపడి ఉంది.

ఇరవై నాలుగు ఇరవై రెండయింది, ఇరవై అయింది. మధ్యలో తెగిన వరసను అన్నయ్య దగ్గుతో కప్పేవాడు, నవ్వుతో కప్పేవాడు, ఒకసారి రిహార్సల్లో సాక్సఫోన్ మూతిలోని రీడు బాగాలేదని తిట్టి మూడు రీడ్లు మార్చాడు. పాత సినిమా హాల్లో కచేరీకి ఇంకా పదిరోజులుంది. ఆవిడ రెండు రిహార్సళ్లు వెనక కూర్చుని, కాగితం మీద గీతలు పెట్టి కొలిచింది. మొదటిరోజు అయిదో బారులో రెండు బీట్లదాకా వచ్చి ఊపిరి ఆగింది. రెండోరోజు జలుబు, నాలుగో బారు చివరనే ఆగిపోయింది. ఏ కొలత తీసుకోవాలి? ఆఫీసులో నేర్పిన సూత్రం, గట్టు ఎంతవరకు ఉందో తెలియనప్పుడు లోపలికే గీయి, వరద వస్తే ఇల్లు మునగకూడదు. ఆవిడ లోపలికే గీసింది. పదహారు. పదిహేడో బీటు మీద, అంటే అయిదో బారు మొదట్లో, దిండు తను పట్టి ఉంచిన స్వరం వదిలేసి అన్నయ్య వరసను అందుకుంటాడు, చివరి రెండు బార్లూ తీసుకుపోతాడు. అన్నయ్య ఆగిపోయినా వరస తెగదు, విన్నవాడికి తేడా తెలియదు. నాలుగు వరసలకు నాలుగు పట్టీలు. అంత చిన్న పని. వంటింట్లో పక్కవాళ్ల పాలు పొంగుతూంటే మంట తగ్గించినంత పని. అన్నయ్యను అడగలేదు. అడిగితే వద్దంటాడని కాదు, అడగడమంటే నీకు ఊపిరి చాలడం లేదని అతని మొహం మీద చెప్పడమే కదా; ఆ మాట అనలేక అడగలేదు. దిండును మాత్రం పక్కకు పిలిచి ఒట్టు వేయించుకుంది.

తలుపు మీద ఎవరో గోటితో తట్టారు. ఆవిడ గబుక్కున పార్టును బోర్లించింది. దిండే. అరవై దాటినా ఇంకా తలుపు దగ్గర కుర్రాడిలా నిలబడతాడు.

"అక్కా, నా కాగితం ఇస్తావేమోనని."

"ఇస్తాను. ఇంకా టైముందిగా."

"లేదు... అది అలాగే ఉంచుతున్నావా, తీసేస్తున్నావా?"

"తీసేస్తున్నాను. ఆ హోటల్ బ్యాండు ఆయన్ని అరువు తెచ్చారు కదా, మీ మాస్టారి వరస వాయించడానికి. ఆయన ఛాతీ ఇంతుందిట, ఇరవై నాలుగూ తనే లాగుతాడు. నీ పాత స్వరం నువ్వు పట్టుకో."

"చూశాను ఆయన్ని. ఊదితే కిటికీ అద్దాలకి భయం." దిండు నవ్వబోయి మానుకున్నాడు. "అక్కా, నేను ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా."

"తెలుసులే."

"ఆరోజు మొదటి వరసలో ఆయన ఇంకా వాయిస్తూనే ఉన్నారక్కా, నేను మొదలెట్టినప్పుడు. రెండో వరసలోంచి ఆపేశారు. అది చెబుదామని చాలాసార్లు అనుకున్నాను."

"వెళ్లి నీ రీడు తడుపుకో," అంది ఆవిడ, అవసరమైనదానికంటే కటువుగా.

అతను వెళ్లిపోయాడు గాని ఆ మాట గదిలోనే ఉండిపోయింది. అతను చెప్పాలా, తను చూడలేదూ? వేదిక పక్క తెర చాటున నిలబడి, కాలి బొటనవేలితో బీట్లు లెక్కపెడుతూ, మొదటి వరసలో పదిహేడు దగ్గర దిండు మెత్తగా వచ్చి చేరడం విన్నది. అన్నయ్య భుజం చిన్నగా కదిలింది, అంతే, వాయిస్తూనే ఉన్నాడు. పని జరిగిపోయిందని, ఎవరికీ తెలియలేదని, తన కొలత సరిపోయిందని ఒక్క క్షణం సంతోషించింది కూడా. ఆ సంతోషాన్ని తలచుకుంటే ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోతుంది. రెండో వరసలో దిండు వచ్చి చేరగానే అన్నయ్య ఆపేశాడు. ఊపిరి అయిపోయిన మనిషి ఆపినట్టు కాదు. చేతిలోని సంచీని పక్కవాడు అప్పటికే అందుకున్నాడని గమనించి వదిలేసిన మనిషిలాగ, మర్యాదగా. పెదవుల మీంచి వాయిద్యం దించలేదు, వేళ్లు కదులుతూనే ఉన్నాయి, గాలి మాత్రం లేదు. జనం బ్రహ్మాండంగా చప్పట్లు కొట్టారు. అతని స్కోర్లలో ఏ స్వరం ఎవరిదో నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషి, తన సొంత వరస కిందికి ఇంకొకడు వచ్చాడని పోల్చుకోలేడనుకున్నదా? అనుకున్నది. ప్రేమ అనే మాట ఆవిడకు రుచించదు, ఆందోళన అనుకుందాం. ఆందోళన మనిషిని తెలివితక్కువవాణ్ని చేస్తుంది, అవతలి మనిషిని కూడా తెలివితక్కువవాడనుకునేలా చేస్తుంది.

కచేరీ అయిన మర్నాడు పొద్దున్నే అన్నయ్య ఫోను చేయడం ఆనవాయితీ. నలభై ఒక్కేళ్లలో తప్పలేదు. పెళ్లయిన మర్నాడు కూడా, వదిన ఇప్పటికీ దెప్పుతుంది. హలో ఉండదు, బాగున్నావా ఉండదు, నేరుగా, "రాసుకో. బస్తా, నలభయ్యో బారు, రెండో స్వరం తీసెయ్. అర్జీ, అక్కడ అంత గట్టిగా వద్దు, చిన్నది చెయ్." విన్న కచేరీని రాత్రంతా చెవిలో తిప్పుకుని, తప్పులు పూస గుచ్చినట్టు చెప్పేవాడు. తను పెన్సిలూ కాగితమూ ఫోను పక్కన పెట్టుకుని కాచుకునేది. ఆ పొద్దున కూడా పెట్టుకుంది. ఏడుంబావుకు మోగింది. చెయ్యి ఎత్తింది, చెయ్యి రిసీవరు మీద ఉంది, దాని వణుకు అరచేతికి తగులుతోంది. ఎత్తితే ఏమంటాడు? ఎవరినడిగి చేశావు? ఆ ఒక్క ప్రశ్నే అంటాడు. దానికి జవాబు లేదు. పదకొండుసార్లు మోగి ఆగిపోయింది. మధ్యాహ్నం తనే చేద్దామనుకుంది, సాయంత్రం చేద్దామనుకుంది. సాయంత్రానికి వదిన దగ్గర్నుంచి కబురు: మీ అన్నయ్య సాక్సఫోన్ విప్పి, తుడిచి, పెట్టెలో పెట్టి, ఇక చాలు అన్నాడు, ఏమైందో నీకేమైనా తెలుసా. తెలియదంది.

అక్కడినుంచి లెక్క తిన్నగా పోతుంది, మధ్యలో మలుపులు లేవు. పట్టీ అంటించింది కనుక అన్నయ్య విన్నాడు. విన్నాడు కనుక మానేశాడు. మానేశాడు కనుక ఊపిరితిత్తులు పని మరచిపోయాయి. అయిదు నెలలు. చూడటానికి వెళ్లినప్పుడల్లా అతను మామూలుగానే మాట్లాడాడు, ఆ ఫోను సంగతి అతనెత్తలేదు, తనూ ఎత్తలేదు. ఈ లెక్కను ఆవిడ ఎన్ని వైపులనుంచి సరిచూసినా అదే జవాబు. రుజువు అడిగితే మాత్రం ఈ నాలుగు పట్టీలే. కనుకనే బ్లేడు.

బోర్లించిన పార్టును మళ్లీ తిప్పుతూండగా తలుపు తట్టకుండానే వదిన లోపలికొచ్చింది. చేతిసంచీ ఒక భుజాన, చంకలో పాత అట్ట కట్టిన పెద్ద స్కోరు. మెట్లు ఎక్కి వచ్చింది కనుక ఆయాసపడుతోంది. ఆ ఆయాసాన్ని ఆవిడ తెలియకుండానే బీట్లుగా లెక్కపెట్టింది.

"ఇదుగో అమ్మాయ్, ఇవాళ బ్యాండు నడిపే పెద్ద ట్రంపెట్టాయన అడిగాడుట, అసలు స్కోరు ఉండాలని. అటక మీద లేదు, బీరువాలో లేదు. చివరికి ఎక్కడుందో తెలుసా? ఆయన పక్క కింద. పరుపుకీ చెక్కకీ మధ్య."

"పరుపు కిందా?"

"మనిషి ఉన్నన్నాళ్లూ కాగితాలతో కాపురం చేశాను, ఇప్పుడు వాటి మీదే పడుకున్నానని తేలింది." వదిన కుర్చీలో కూలబడింది. "కింద మీవాళ్లంతా నన్ను చూసి నెమ్మదిగా మాట్లాడుతున్నారు. జబ్బు నాకొచ్చినట్టు. ఆ డాక్టరు కూడా వస్తాట్ట సభకి. వస్తే నాలుగు కడిగేస్తాను."

"ఆయనేం చేశాడు వదినా?"

"ఏదో చేశాడు. లేకపోతే రాత్రి చప్పట్లు కొట్టించుకున్న మనిషి పొద్దున్న పెట్టె మూస్తాడా? కొత్త మందు ఆ వారమే మార్చాడు. మందు పడలేదు, ఒంట్లో సత్తువ పోయింది, నాతో చెప్పలేదు, అంతే. మా ఆయన సంగతి నాకు తెలీదూ?"

ఆవిడ బ్లేడును పార్టు కిందికి తోసింది. నిజం చెప్పవలసిన క్షణం అదే, దానికంటే తిన్ననైన వాకిలి దొరకదు. ఏడు వారాలుగా ఒక నేరంలేని డాక్టరు తన నేరాన్ని మోస్తున్నాడు, ఇవాళ నలుగురిలోనూ మోస్తాడు. వదిన లేచి, మోకాలు పట్టుకుని ఒక్క క్షణం నిలబడి, "త్వరగా రా, ముందు వరుసలో నీకూ నాకూ కలిపి చోటు పెట్టాను," అని వెళ్లిపోయింది.

నాలుగూ ముప్ఫయి అయిదు. పట్టీ ఊడబెరికాక కింద ఏ స్వరం ఉండాలో అసలు స్కోరుతో సరిచూడాలి, అది పద్ధతి; తన జ్ఞాపకం మీద తనకెంత నమ్మకమున్నా స్కోరు చూడకుండా పార్టు ముట్టుకోకూడదు. పద్ధతి కోసమే అట్ట తెరిచింది. అన్నయ్య వాసన, పొగాకూ పెన్సిలు పొట్టూ. మొదటి వరస ఉన్న పుట తిప్పింది. ముందు కనబడింది చెరిపిన మరకలు. దిండు వరుసలో, అయిదో బారునుంచి, పాత స్వరం రబ్బరుతో చెరిపేసి ఉంది. ఆ చోట, అన్నయ్య చేత్తో, తను అంటించిన పట్టీలోని స్వరాలే, ఒక్కటి తేడా లేకుండా. పట్టీ అతనికి ఎవరూ చూపలేదు. చెవితో విన్నదే రాశాడు. అంతటితో అయిపోలేదు. దిండు తన స్వరం వదిలేసినందువల్ల లోపల ఒక చిల్లు పడింది, నడి స్వరం ఒకటి ఎవరూ పట్టుకోకుండా పోయింది, అది తనకు తట్టనే లేదు. అన్నయ్య దాన్ని కింది టెనార్ సాక్సఫోన్‌కి మార్చి ఆ చిల్లు పూడ్చాడు. నాలుగు వరసల్లోనూ. అంచున దిండు అన్న పేరు పక్కనే, ఆ రెండు బార్లకూ ఒక చిన్న గీత పట్టించి, ఇంకొక పేరు రాశాడు. ఆవిడ కళ్లజోడు ముక్కు మీదికి జారింది. సిరాబుడ్డి.

పక్కన తేదీ. అన్నయ్య తేదీ లేకుండా స్కోరులో దుమ్ము కూడా రాల్చడు. కచేరీ మర్నాడి తేదీ.

చాలాసేపు ఆవిడ ఆ పేరునే చూసింది. మెచ్చుకోలా, వెక్కిరింపా? కోపమొస్తే అన్నయ్య పెన్సిలు ములుకు విరిగేలా నొక్కుతాడు. ఇక్కడ నొక్కు లేదు. కాని నొక్కు లేకపోవడం కూడా రుజువు కాదు, ఆపాటికి చేతిలో బలం తగ్గింది. తక్షణం నిర్ణయించకూడదని తనను తాను హెచ్చరించుకుని, కన్ను పై వరుసకు తీసుకుపోయింది. నేను. అన్నయ్య తన వరసనూ దిద్దుకున్నాడు. ఇరవై నాలుగు బీట్లు ఇప్పుడు లేవు. అయిదో బారులో రెండు బీట్లు అయ్యాక కామా లాంటి చిన్న ఊపిరి గుర్తు, ఆ తరవాత విరామం. ఆవిడ వేలితో లెక్కపెట్టింది, మళ్లీ లెక్కపెట్టింది. పద్దెనిమిది. తను పదహారు అనుకున్నది. పదిహేడు, పద్దెనిమిది, ఆ రెండు బీట్లు ఇద్దరివీ. అన్నయ్యా వాయిస్తాడు, దిండూ వాయిస్తాడు, ఒకరి మీద ఒకరు ఉంటారు, ఆ తరవాత ఒకరు తప్పుకుంటారు. పరుపు మీద పడుకున్న అన్నయ్య ఒకనాడు గోడవైపు చూస్తూ, "దిండు కాస్త తొందరపడతాడే," అన్నాడు; వేళాకోళమనుకుని నవ్వింది. తనకు రెండు బీట్ల ఊపిరి ఇంకా ఉండగానే అందుకున్నారని చెబుతున్నాడు. గట్టు లోపలికి గీశావని చెబుతున్నాడు.

అప్పుడు రెండో సంగతి తట్టింది, నెమ్మదిగా, తడి కాగితంలో సిరా పాకినట్టు. విరామం రాసుకున్న మనిషి, ఊపిరి గుర్తు పెట్టుకున్న మనిషి, నేను అన్న వరుసను చెరిపేయకుండా పద్దెనిమిదికి సర్దుకున్న మనిషి, మళ్లీ వాయించాలనుకున్న మనిషి. మానేసేవాడికి ఊపిరి గుర్తు ఎందుకు? ఇది తిట్టు కాదు, తీర్పు కాదు, ప్రతి కచేరీ మర్నాడూ ఉండే దిద్దుబాటు. ఏడుంబావుకు దీన్నే చెప్పబోయాడు. రాసుకో. దిండు, అయిదో బారు, అలాగే ఉంచు. టెనార్‌కి నడి స్వరం ఇవ్వు, నువ్వు చిల్లు పెట్టావ్. నాకు, రెండు బీట్లు వెనక్కి ఇచ్చెయ్. అంతే అనేవాడు. హలో కూడా అనేవాడు కాదు. పదకొండుసార్లు. ఆ పదకొండులో ఏ ఒక్కటి తను ఎత్తినా, సాక్సఫోన్ ఆ పొద్దున పెట్టెలోకి పోయేదా? ఇన్నాళ్లూ ఆవిడ లెక్కలో తప్పు పట్టీ దగ్గర పెట్టుకుంది. పట్టీని అతను దిద్దేశాడు. దిద్దలేనిది దాని తరవాతది. నువ్వు నా ఊపిరి తీసుకున్నావని అతను అనలేదు. నా మాట తీసుకోలేదని అనుకుని ఉంటాడు.

ఏడవడానికి వ్యవధి లేదు. నాలుగూ నలభై ఎనిమిది. ఆవిడ బ్లేడు డబ్బాలో పెట్టేసి, కొత్త కాగితం తీసి, అరువు ఆల్టోకు నిన్న రాసిన పార్టు పక్కన పెట్టి, మళ్లీ మొదటినుంచి రాసింది. పన్నెండు నిమిషాల్లో రెండు పార్టులు, అతనికొకటి, టెనార్‌కొకటి. చెయ్యి వణకలేదు, ఎన్నడూ వణకని చెయ్యి ఇప్పుడైనా వణకకపోవడం ఆవిడకు కొంచెం అసహ్యంగా తోచింది. దిండు కాగితం పట్టీలతోనే అతని స్టాండు మీద పెట్టింది. దిండు దాన్ని చూశాడు, ఆవిడను చూశాడు, రీడు పెదవుల మధ్య పెట్టుకున్నాడు.

అరువు ఆల్టో వెడల్పాటి మనిషి, నెరిసిన మీసం, ఎవరినీ నొప్పించకూడదన్న జాగ్రత్త ఉన్న కళ్లు. రిహార్సలు మొదలయ్యే ముందు పార్టు చూసి, లేచి, ముందు వరుసలో వదిన పక్కన కూర్చోబోతున్న ఆవిడ దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, చిన్న సందేహం. నిన్న పంపిన కాగితంలో వరస పూర్తిగా ఉంది. ఇందులో అయిదో బారు మధ్యలోనే ఆపేయమని ఉంది."

"అవును. అక్కడ ఆపేయాలి."

"నేను చివరిదాకా లాగగలనండీ. మాస్టారి రికార్డు విన్నాను, ఒకే ఊపిరిలో వాయిస్తారాయన. నాకు ఊపిరుంది."

"ఆయనకీ ఉంది," అంది ఆవిడ. "పద్దెనిమిది. నేను పదహారే అనుకున్నాను."

అతను అర్థం కాక తల ఊపి వెళ్లిపోయాడు. వదిన మెల్లగా ఇటు తిరిగింది.

"ఏం పదహారు?"

అంతమందిలో, కుర్చీలు గీరుకుంటూండగా, ట్రంపెట్లు ఒక్కొక్కటే గొంతు సవరించుకుంటూండగా, ఆవిడ చెప్పింది. క్రమం తప్పకుండా చెప్పింది. కొలవడం, పట్టీలు, ఒట్టు, రెండో వరసలో అన్నయ్య ఆపేయడం, తరవాత స్కోరులో దిద్దుకోవడం. డాక్టరు తప్పేమీ లేదని చెప్పింది. వదిన వేదికవైపు చూస్తూనే విన్నది. అంతా అయ్యాక అంది:

"నన్నడగవలసింది. ఆయన ఊపిరి ఎంతో నాకు తెలుసు. అన్నేళ్లు పక్కన పడుకున్నదాన్ని."

"తప్పే వదినా."

"తప్పని కాదే. సాయం చేశావు. చెడిపోయింది. ఎవరు మాత్రం..." వదిన చెయ్యి వచ్చి ఆవిడ మణికట్టు మీద పడింది, పొడిగా, తేలికగా. "ఆయన మాత్రం స్కోరులో దిద్దుకున్నాడంటున్నావుగా. అంటే కోపం లేదుగా. మరి ఆ పొద్దున్న పెట్టె మూయడమెందుకు? ఫోను పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. పెట్టేసి, తిన్నగా వెళ్లి సాక్సఫోన్ విప్పాడు. ఎవరికని అడిగితే, ఎవరూ లేరు అన్నాడు. ఎవరికి చేశాడో ఏమో."

తెలియదనవచ్చు. ఒకసారి అన్నదే, రెండోసారి ఇంకా తేలిక. మణికట్టు మీద ఆ వేళ్ల బరువు ఇంకొంచెంసేపు ఉంటుంది, బహుశా ఎప్పటికీ ఉంటుంది.

"నాకే వదినా," అంది ఆవిడ. "ఇంట్లోనే ఉన్నాను. ఫోను పక్కనే. ఎత్తలేదు."

పెద్ద ట్రంపెట్ చెయ్యి పైకెత్తాడు. హాలు సద్దుమణిగింది. వదిన ఆవిడ మణికట్టు మీంచి చెయ్యి తీసింది; విసురుగా కాదు. లేచి నిలబడి, ఇద్దరి మధ్యా ఒక కుర్చీ వదిలి, దాని అవతల కుర్చీలో కూర్చుని, చేతిసంచీని ఆ ఖాళీ కుర్చీ మీద నిలబెట్టింది. వేదిక మీద నాలుగు వేళ్లు గాలిలో లెక్క కట్టాయి, కింది స్వరాలు పరుచుకున్నాయి, వాటి మీద అరువు మనిషి ఊపిరి మొదలైంది, మంచి ఊపిరే, నిండుగా. ఆవిడ లెక్కపెట్టింది. పదిహేను, పదహారు. దిండు వచ్చి చేరాడు. పదిహేడులో ఇద్దరూ ఉన్నారు. పద్దెనిమిదిలో కూడా ఇద్దరూ ఉన్నారు. పందొమ్మిదిలో ఒక్కడే మిగిలాడు, మెత్తగా, ఆవిడ రాతను తుదిదాకా మోసుకుపోయాడు. ఎవరూ నిట్టూర్చలేదు. ఇంకా మూడు వరసలు ఉన్నాయి.